ఒక కాలమ్ లేచింది, ఇంట్లో ముగ్గురిదీ మూడు మాటలు

ఉత్తరం కొత్తపేట దగ్గర ఒక లంక గ్రామం నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. వయసు 33, రావులపాలెం వైపు ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. ఇంట్లో అమ్మ, భార్య, నాలుగేళ్ల పాప. పక్క వాటాలో అన్నయ్య కుటుంబం. ఆయనది నాన్నగారి నుంచి వచ్చిన మైక్ సెట్, షామియానా వ్యాపారం. చిన్నప్పుడు నాన్నతో తీర్థాలకి వెళ్లి, కొబ్బరి చెట్లకి హారన్లు కడుతూ పెరిగానని, ఇంట్లో కూర్చుని మంచి సౌండ్ వినాలన్నది అప్పటి కోరిక అని రాశారు. దాని కోసం లైన్ అరే బాక్సులు రెండు సొంతంగా కట్టడం మొదలుపెట్టారు. అంటే ఒకే రకం చిన్న స్పీకర్లను ఒకదాని కింద ఒకటి వరసగా బిగించి, దాదాపు మనిషికంటే ఎత్తుగా నిలబెట్టే కాలమ్‌లు. మూడంగుళాల స్పీకర్లు, 8 ఓమ్‌లవి, 48 కొన్నారు. 24తో ఒక కాలమ్ పూర్తయింది, మిగతా 24 అట్టపెట్టెల్లో మంచం కింద ఉన్నాయి.

ఇక ఆయన మాటల్లోనే కొంత: "మూడేసి స్పీకర్లు సిరీస్‌లో, అలాంటివి ఎనిమిది వరసలు ప్యారలల్‌లో కలిపాను. అరగంటకి ఆంప్లిఫైయర్ పెనంలా కాలి ఆగిపోతోంది. పైనుంచి ఏడు, ఎనిమిది, తొమ్మిది మూగబోయాయి. మూడూ ఒకేసారి ఎలా కాలిపోతాయండి? సౌండ్ కూడా మూసుకుపోయినట్టు ఉంది, తల కాస్త కదిపితే పాటలో తాళాల చప్పుడు మారిపోతోంది. 2022 జూలై వరదకి హాల్లోకి నీళ్లొచ్చాయి కదా అని కాలమ్‌ని 45 సెంటీమీటర్ల స్టాండ్ మీద పెట్టాను. వరండాలో కూర్చున్న అమ్మ, 'అబ్బాయ్, అది ఆ మూల మోగుతున్నట్టు లేదురా, నా నెత్తిమీదే మోగుతోంది' అంటుంది. నేను ఎంత తగ్గించినా అదే మాట. అన్నయ్యేమో 'నాలుగు కట్టరా, సంబరాలకి వేసేద్దాం, డబ్బులొస్తాయి' అంటున్నాడు. మా ఆవిడ ఏమీ అనదు. పై గదికి రేకులు ఎప్పుడు వేయిద్దామండీ అని మాత్రం అడుగుతుంది. ఆ రేకుల కోసం తను జాకెట్లు కుట్టి కట్టిన చీటీ ఎత్తితే 82 వేలు చేతికొచ్చాయి. అందులో 41 వేలు దీనికే అయిపోయాయి. తనకి 12 వేలని చెప్పాను. రెండోది కట్టాలా, ఉన్నదంతా అమ్మేయాలా, అన్నయ్యకి ఇచ్చేయాలా, ఏమీ తోచడం లేదు."

సమాధానం:

ముందు మూగబోయిన ఆ మూడు స్పీకర్ల సంగతి. మీ ఉత్తరం చూస్తే వాటికోసం రేపో మాపో ఇంకో వెయ్యి పెట్టేలా ఉన్నారు, పెట్టకండి. మూడేసి సిరీస్‌లో కలిపారు కాబట్టి ఆ మూడింటిలో ఎక్కడ ఒక్క అతుకు ఊడినా కరెంటు ముందుకి వెళ్లదు, మూడూ ఆగిపోతాయి. సరిగ్గా పక్కపక్కన ఉన్న మూడే ఆగాయంటే మూడు కాలిపోయి ఉండటానికంటే ఒక టంకం వదిలి ఉండటానికే అవకాశం ఎక్కువ, అందులోనూ మీ లంకల తేమకి రాగి తీగ చివర పచ్చగా చిలుం పట్టడం ఎంతసేపు. ఆంప్లిఫైయర్ తీగలు పీకేసి మల్టీమీటర్ ఓమ్‌ల మీద పెట్టి, అతుకులు విప్పి ఒక్కో స్పీకర్ కొలవండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్ మీద మామూలుగా 6, 7 దగ్గర చూపిస్తుంది, అది సహజం. ఏమీ చూపించనిది ఉంటే అది పోయినట్టు. అన్నీ చూపిస్తే తప్పు అతుకులో ఉంది. పనిలో పనిగా ఒకటిన్నర వోల్టుల టార్చ్ బ్యాటరీ తీసుకుని, ప్లస్‌ని ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం తాకించి చూడండి, కోన్ బయటికి రావాలి. 24లో ఒక్కటి లోపలికి వెళ్లినా దాన్ని తిరగేసి కలిపారన్నమాట, అది పక్కవాటి సౌండ్‌ని తినేస్తూ ఉంటుంది.

ఆంప్లిఫైయర్ కాలడం దాని తప్పు కాదు. మూడు ఎనిమిదులు 24, దాన్ని ఎనిమిది వరసలతో భాగిస్తే 3 ఓమ్‌లు. ఇళ్లలో వాడే ఆంప్లిఫైయర్లు చాలావరకు 4 నుంచి 8 ఓమ్‌ల లోడ్‌కి చేసినవి, మీ దాని వెనకాల రాసే ఉంటుంది చూడండి. నాలుగేసి సిరీస్‌లో, ఆరు వరసలు ప్యారలల్‌లో కలపండి. 32ని ఆరుతో భాగిస్తే 5.3 ఓమ్‌లు వస్తుంది, హాయిగా నడుస్తుంది. దీనికి కావలసింది ఒక పూట సమయం, కాస్త టంకం. కొత్త ఆంప్లిఫైయర్ కొనాలన్న ఆలోచన కూడా ఉత్తరం చివర్లో ఒక ముక్క రాశారు, అది మానేయండి.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. మీరు దాన్ని పెద్దావిడ చాదస్తం అన్నట్టు రాశారు, కానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మామూలు బాక్సు ఒక చుక్క లాంటిది, దాని సౌండ్ అన్ని వైపులకీ పరుచుకుంటుంది, దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నిలువుగా పొడవైన కాలమ్ అలా కాదు. దాని సౌండ్ పక్కలకి మాత్రమే పరుచుకుంటుంది, పైకీ కిందికీ పెద్దగా పోదు, అందుకని దూరం రెట్టింపయితే 3 డెసిబెల్సే తగ్గుతుంది. ఎంత దూరం దాకా ఇలా ఉంటుందన్నది కాలమ్ ఎత్తును బట్టి, స్వరం ఎంత సన్ననిదన్నదాన్ని బట్టి మారుతుంది. మీ 24 స్పీకర్లు 8 సెంటీమీటర్లకొకటి చొప్పున 192 సెంటీమీటర్లు వచ్చాయి, 1000 హెర్ట్జ్ దగ్గర దానికి సుమారు 5 మీటర్ల పైమాటే. మీరు వైర్లు చూసుకుంటూ కాలమ్‌కి మీటరు దూరంలో నిలబడి వాల్యూమ్ సరిచేసుకుంటున్నారు, అమ్మ నాలుగు మీటర్ల అవతల వరండాలో ఉంది. మీ పాత బాక్సు అయితే ఆవిడ దగ్గరికి 12 డెసిబెల్స్ తగ్గి చేరేది, ఇది 6 మాత్రమే తగ్గి చేరుతోంది. పాత బాక్సుకి నాలుగు రెట్లు పవర్ ఇస్తే ఎంత తేడా వస్తుందో ఆ తేడా. గోడల ప్రతిధ్వని కలిశాక ఈ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది, అయినా ఆవిడ "ఆ మూల మోగుతున్నట్టు లేదు" అన్నదాంట్లో లైన్ అరే స్వభావం అంతా ఉంది. మీరు ఇష్టపడి కట్టుకున్న గుణమే అది, గది వెనకాల కూర్చున్నా ముందు కూర్చున్నట్టే వినపడటం. దాన్ని వాడుకోవాలంటే వాల్యూమ్ కాలమ్ పక్కన నిలబడి కాదు, వరండాలో అమ్మ కుర్చీ దగ్గర నిలబడి పెట్టాలి. హాల్లో మీకు మరీ తగ్గినట్టు ఉండదు, కావాలంటే చూడండి. అమ్మగారికి బీపీ ఉందన్నారు, నిద్ర పట్టడం లేదన్నారు. రాత్రి తొమ్మిది దాటాక ఆ వరండా తలుపు వేసుకుని, మాటలు వినపడేంత సౌండ్‌తో సరిపెట్టుకోవడం కష్టమేమీ కాదు.

సౌండ్ మూసుకుపోయినట్టు ఉండటానికీ కారణం ఉంది, మీ పనితనం లోపం కాదు. మధ్య స్పీకర్ నుంచి మీ చెవికి ఉన్న దూరం, పై చివర స్పీకర్ నుంచి ఉన్న దూరం ఒకటి కాదు కదా. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుంటే ఆ తేడా 18 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తబలా ఎడమ దెబ్బకి అది లెక్కలోకి రాదు, కానీ తాళాల చప్పుడు తరంగాలు రెండు మూడు సెంటీమీటర్లే, అవి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. పైగా మీ స్పీకర్ల మధ్య దూరం 8 సెంటీమీటర్లు, దాదాపు 4300 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు కూడా అంతే, ఆ పైన ఉన్న స్వరాలన్నీ దువ్వెన పళ్లలా ఒకచోట వినపడి, ఒకచోట వినపడవు. తల కదిపితే మారడం అందుకే. దీనికి పూర్తి మందు లేదు, మూడంగుళాల స్పీకర్లతో లైన్ అరే కట్టిన ప్రతివాళ్లకీ ఇది ఉంటుంది. సగం మందు ఉంది. కాలమ్‌కి దూరంగా జరిగి కూర్చోవాలి, పై స్వరాలు ఈక్వలైజర్‌తో మెల్లగా పెంచుకుంటూ పోవాలి, అష్టకానికి, అంటే హెర్ట్జ్ రెట్టింపయిన ప్రతిసారీ, 3 డెసిబెల్స్ చొప్పున. మామూలు బాక్సులో అంత పెంచితే ట్వీటర్, అంటే పై స్వరాల చిన్న స్పీకర్, మాడిపోతుంది, ఇక్కడ పవర్ 24 మంది పంచుకుంటారు కాబట్టి తట్టుకుంటాయి. మీ దగ్గర కంప్యూటర్ ఉందన్నారు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక కొలత మైకు ఉంటే గదిలో ఏ స్వరం ఎక్కువ, ఏది తక్కువ గీత గీసి చూపిస్తుంది. మైకు ఎవరినైనా అడిగి తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి. బేస్ మాత్రం ఈ స్పీకర్లని అడగొద్దు. 100, 120 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేసి వేరే బేస్ బాక్సుకి ఇవ్వాలి, అన్నయ్య దగ్గర పాతది ఒకటి పడి ఉంటుంది కదా.

స్టాండ్ తీసేయండి. ఇంట్లో కట్టేవాళ్లు కాలమ్ గది ఎత్తులో కనీసం 70 శాతం ఉండాలంటారు, మీ హాలు పదడుగులు, మీది 63 శాతం దగ్గర ఆగింది. నేలకి ఆనించి పెడితే నున్నటి టైల్స్ నేల అద్దంలా పనిచేసి, కింద ఇంకో కాలమ్ ఉన్నట్టు లెక్కకొస్తుంది. 45 సెంటీమీటర్లు ఎత్తితే అసలుకీ ఆ నీడకీ మధ్య 90 సెంటీమీటర్ల ఖాళీ పడుతుంది, లాభమంతా పోతుంది. వరద భయం నిజమే. దానికి ఉపాయం ఏమిటంటే బాక్సుని పన్నెండేసి స్పీకర్ల రెండు ముక్కలుగా చేసి, మధ్యలో బోల్టులు, ఒక కనెక్టర్ పెట్టండి. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక అనగానే ఇద్దరు మనుషులు అయిదు నిమిషాల్లో విప్పి మేడ మీదికి చేర్చేయొచ్చు. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) అడుగు అంచు వానాకాలంలో ఉబ్బి పొరలు విచ్చిందని రాశారు, ఇక ముందు ఏం చేసినా నీళ్లకి ఆగే బీడబ్ల్యూపీ ప్లైవుడ్‌తోనే చేయండి, 18 ఎమ్‌ఎమ్‌ది, కోసిన అంచులకి కూడా వార్నిష్ పట్టించి. ఇంకో మాట, పాపకి నాలుగేళ్లు. రెండు మీటర్ల కాలమ్ పై భాగాన్ని గోడకి క్లాంపు వేసి బిగించకుండా ఒక్క రోజు కూడా ఉంచకండి. ఇది మిగతా అన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

మేడ మీదికి చేర్చేయొచ్చు అన్నాను. ఏ మేడ మీదికి? పై గదికి రేకులు లేవు కదా. మీ ఆవిడ అడుగుతున్నది అదే.

మళ్లీ వరదొస్తే అత్తగారినీ, పాపనీ, బియ్యం బస్తానీ ఎక్కడ పెట్టాలన్నది ఆవిడ లెక్క. ఆ లెక్కకోసం రాత్రిళ్లు మిషన్ తొక్కి చీటీ కట్టారు. మీరు ఖర్చు పెట్టినందుకు నేను తప్పు పట్టను, ఇంట్లో ఒక మనిషికి ఒక ఇష్టం ఉండాలి, దానికి కొంత డబ్బు పోవాలి. కానీ 41కి 12 అని చెప్పారు చూడండి, అది వేరే సంగతి. మిల్లులో పైసాతో సహా లెక్క రాసే మనిషి మీరు. ఆవిడ కూడా జాకెట్టుకి ఇంత అని పుస్తకంలో రాసుకునే మనిషి. ఆవిడ ఏమీ అనకపోవడం తెలియక కాదేమో అని నా అనుమానం. మంచం కింద అట్టపెట్టెలు ఊడ్చేటప్పుడు ఎవరికి కనపడతాయి? తెలిసి ఊరుకున్నారేమో, మీరు చెబుతారని.

చెప్పడంలో రెండు దారులున్నాయి. ముందు కొంత డబ్బు తిరిగి జమ చేసి అప్పుడు చెబుదామని మీకు అనిపిస్తుంది. అప్పుడు గొడవ చిన్నదవుతుంది నిజమే, కానీ అందాకా రోజూ రేకుల మాట దాటేస్తూ ఉండాలి, ఈలోగా వదిన నోట్లోంచి వస్తే ఇక ఏ మాటా నిలబడదు. ఇప్పుడే చెబితే నాలుగు రోజులు ఇల్లు బరువుగా ఉంటుంది, ఆవిడ ఏడవచ్చు, పుట్టింటికి ఫోన్ చేయవచ్చు. కానీ ఆ తర్వాత ఏం చేయాలన్నది ఇద్దరూ కూర్చుని తేల్చుకోవచ్చు. నాకు రెండోదే నయం అనిపిస్తుంది. చెప్పేటప్పుడు ఉత్త మాటగా కాకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, స్పీకర్లకి ఎంత, చెక్కకి ఎంత, ఆంప్లిఫైయర్‌కి ఎంత, చేతిలో ఇంకా ఎంత ఉంది. కారణాలు, కోరికలు ఆ పూట వద్దు.

అన్నయ్య సంగతికి వద్దాం. ఆయన ఆలోచనలో మంచి ఉంది గానీ ఆయన చూసింది బయట ఫంక్షన్లలో వేలాడదీసే లైన్ అరేలని. ఫ్రాన్స్‌లో క్రిస్టియన్ హైల్ 1992లో వీడాస్క్ అనే సిస్టమ్ తెచ్చాక ప్రపంచమంతా పాకిన రకం అది. అందులో పై స్వరాలకి వేరే డ్రైవర్లు ఉంటాయి, వాటి ముందు వేవ్‌గైడ్ ఉండి, అన్ని బాక్సుల సౌండ్‌నీ సందు లేకుండా ఒకే రేకులా బయటికి పంపుతుంది. బాక్సుకీ బాక్సుకీ మధ్య కోణం లెక్కకట్టి వేలాడదీస్తారు, ఆ ఇనుప సామాను బరువుకి పరీక్ష చేసి ఉంటుంది. పేరు ఒకటే అయినా మీ హాల్లో ఉన్నది ఆ వస్తువు కాదు. జగ్గన్నతోట ప్రభల తీర్థం లాంటి బయలులో, కొబ్బరి తోటల మధ్య, మీ మూడంగుళాల స్పీకర్లని డీజే పాటలకి పెంచితే ఆ పూటే వాటి లోపలి తీగ చుట్టలు, అదే వాయిస్ కాయిల్స్, పోతాయి. నాలుగు కట్టి ఇస్తే నాలుగూ పోతాయి, ఆపైన అన్నదమ్ముల మధ్య "నువ్వు కట్టింది నిలవలేదు", "నువ్వు వాడింది సరిగా లేదు" అన్న మాట మిగులుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వేయకూడదన్న 2000 నాటి నిబంధనలు ఉన్నాయని ఆయనకి తెలిసే ఉంటుంది, బేస్ బాక్సుల వ్యాపారంలో ఆ తలనొప్పి రానురాను ఎక్కువే అవుతుంది.

అయితే ఈ స్పీకర్లు బాగా చేయగలిగిన పని ఒకటి ఉంది, మనిషి గొంతు. మాట స్పష్టంగా వినపడటానికి కావలసిన స్వరాలు చాలావరకు 300 నుంచి 4000 హెర్ట్జ్ లోపలే ఉంటాయి, మీ దువ్వెన గొడవ మొదలయ్యేది ఆ పైన. మంచం కింద ఉన్న 24తో, పన్నెండేసి చొప్పున రెండు కాలమ్‌లు కడితే మీటరు లోపు ఎత్తుంటాయి, నాలుగేసి సిరీస్‌లో మూడు వరసలు, 10.7 ఓమ్‌లు. 200 హెర్ట్జ్ కింద తప్పనిసరిగా కోసేయాలి. హరికథలకి, సత్యనారాయణ వ్రతాలకి, చర్చిలో ప్రార్థనకి, పంచాయతీ మీటింగులకి, వంద మంది కూర్చునే షామియానాలో చివరి వరసకి కూడా అరుపు లేకుండా మాట చేరుతుంది. ముందు కూర్చున్న పెద్దవాళ్ల చెవులు హోరెత్తవు. అన్నయ్య దగ్గర ఇలాంటిది లేదని మీ ఉత్తరమే చెబుతోంది.

అందుకని మీరు అడిగిన మూడు దారులు నాకు ఇలా కనపడుతున్నాయి. రెండో కాలమ్ కట్టి జంట పూర్తి చేస్తే మీ కోరిక తీరుతుంది, చెక్క, ఈక్వలైజర్, మైకు అన్నీ కలిపి ఇంకో పదిహేను, ఇరవై వేలు అవుతుంది, రేకులు మరో వానాకాలం దాటతాయి. ఉన్నదంతా అమ్మితే సగం రేటు కూడా రాదు, డబ్బూ పోతుంది, ఏళ్ల తరబడి పెట్టుకున్న ఆశా పోతుంది, తర్వాత ఆ కోపం ఇంట్లో వాళ్ల మీదికి తిరుగుతుంది, అది మాత్రం చేయకండి. స్టీరియో కోసమని ఉన్న కాలమ్‌నే సగానికి కోసి రెండు చేద్దామనీ అనిపించవచ్చు. ఎత్తు సగమైతే ఇందాక చెప్పిన ఆ 5 మీటర్ల దూరం నాలుగో వంతుకి పడిపోతుంది, లైన్ అరే కట్టి ప్రయోజనం ఉండదు. మూడోది, ఇంట్లో ఒక్క కాలమ్‌తో ప్రస్తుతానికి ఆగి, మిగతా 24 అన్నయ్యకి మాటల కాలమ్‌లుగా కట్టి, అద్దెలో వాటా కాకుండా వస్తువు ధర ముందే తీసుకోవడం. ఒక్క కాలమ్‌తో స్టీరియో రాదు, ఆ లోటు మీకు తెలుస్తూనే ఉంటుంది. కానీ పాత పాటలు చాలావరకు మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా, రికార్డు చేసినవే, అవి ఒక్క నిలువు కాలమ్‌లోంచి వస్తే ఎంత బాగుంటాయో వినండి. వచ్చిన డబ్బు చీటీ డబ్బులో కలిస్తే రేకుల పని ముందుకి జరుగుతుంది. నా మొగ్గు ఇటే, అయితే ఈ మూడింటిలో ఏదన్నది మీరు ఒక్కరే తేల్చేది కాదు, ఆ కాగితం చదివాక మీ ఆవిడ ఏమంటారో దాన్ని బట్టి ఉంటుంది. ఆవిడ జంట పూర్తి చేసుకోమనవచ్చు కూడా.

అన్నయ్యతో ధర మాట్లాడేటప్పుడు వదిన కూడా ఉండేలా చూసుకోండి. ముందు మాత్రం గోడకి క్లాంపు, తర్వాత ఆ ఏడు, ఎనిమిది, తొమ్మిది. మీటర్ ఎంత చూపించిందో, అతుకే వదిలిందో లేదో నాకు రాయండి, స్పీకరే పోయి ఉంటే దాని బదులు పెట్టెలోది ఒకటి వేసి, అన్నయ్య కాలమ్‌లని ఎన్నిటితో కట్టాలో మళ్లీ లెక్క చెబుతాను.